అలాంటివారు ఎవరూ లేరు

మార్చి పదకొండో తారీఖు. ఆ పొద్దున మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, కాస్త మాడిన రొట్టె ముక్కలు రెండు. గుడ్డు మీద ఉప్పు వేసుకోలేదన్న సంగతి కూడా ఆయనకి గుర్తే. ఉప్పుడబ్బా చేతికందే దూరంలోనే ఉంది. అందుకోవాలనిపించలేదు, అంతే. సగం గుడ్డు నోట్లో ఉండగా ఫోను మోగింది. మరదలు.

"తింటున్నావా బావా?"

"ఊఁ."

"అయితే ముందు మింగు. మింగాక చెబుతాను."

మింగాడు.

"అక్క దగ్గర్నుంచి మెయిలొచ్చింది," అంది.

అక్క పోయి అప్పటికి ఏడాది దాటింది.

"ఏం రాసింది?" అన్నాడు మాస్టారు. అదెంత తెలివితక్కువ ప్రశ్నో నోరు దాటాక గాని తెలియలేదు. ఇంకో రోజైతే మరదలు ఏకిపారేసేది. ఆ పొద్దున ఏమీ అనలేదు.

"బిల్లు పంపిస్తోందట, వెంటనే తెరిచి చూడాలట. 'గౌరవనీయులైన ఖాతాదారుగారికి' అని మొదలెట్టింది. అక్క నన్నెప్పుడైనా గౌరవించిందా చెప్పు? దొంగ మెయిలని అక్కడే తెలిసిపోయింది. తెలిసినా, పైన పేరుంది కదా బావా. ఆ పేరు చూస్తూ కూర్చుండిపోయాను. పొయ్యి మీద మైనం మాడి ల్యాబంతా కంపు."

మరదలు కట్టుడుపళ్ళు చేసే ల్యాబు నడుపుతుంది. పళ్ళ డాక్టర్లు కొలతలు పంపిస్తే మైనంతో అచ్చు కట్టి పళ్ళు తయారుచేసిస్తుంది. మైనం మాడ్చే మనిషి కాదు.

మాస్టారికి గుండె గుభేలుమనాలి. అనలేదు. ఏడాదిగా ఆ గుండె దేనికీ ఏమీ అనడం లేదు. తొలి నెలల్లో ఆయన దాని కోసం ఎదురుచూశాడు కూడా. తర్వాత అలవాటైపోయింది. పళ్ళెం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, వంటింటి పక్కనున్న స్టోరు గదిలోకి వెళ్ళాడు. ఆ మెయిలు బయల్దేరింది అక్కణ్ణించే.

ఆయన ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, పటాల విభాగంలో. ఏ రోడ్డు కింద ఏ పైపుంది, ఏ మలుపులో ఏ వాల్వుంది అన్నది గీసి, సరిచూసి, భద్రపరచడం ఆయన పని. కాలేజీలో భూగోళం చదివాడు. ఆఫీసులో అందరూ మ్యాపుల మాస్టారనేవారు. పోనుపోను మ్యాపులు రాలిపోయి మాస్టారు మిగిలాడు. భార్య ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకి ప్రూఫులు దిద్దేది. పనికి వీలుగా ఉంటుందని సొంతంగా ఒక డొమైన్ తీసుకుంది. దాని మీద మూడు చిరునామాలు: ఆమెది, ఆయనది, చెల్లెలిది. మెయిళ్ళు అందించే పని ఒక చిన్న కంపెనీ చూసేది.

ఆమె పోయిన కొన్నాళ్ళకి ఆ కంపెనీవాళ్ళు సేవలు ఆపేస్తున్నామని కబురు పంపారు. మాస్టారు ఫోను చేశాడు. ఆపేశాక ఆ చిరునామాలకి ఎవరైనా రాస్తే ఏమవుతుందని అడిగాడు.

"వెనక్కి వెళ్ళిపోతుంది సార్. అలాంటివారు ఇక్కడ ఎవరూ లేరని మెషీనే చెప్పేస్తుంది. మీరేం కంగారుపడక్కర్లేదు," అంది అవతలి అమ్మాయి. మంచి అమ్మాయి. ఓదార్పుగానే అంది.

మాస్టారు ఫోను పెట్టేశాడు. అలాంటివారు ఎవరూ లేరు. ఆమె ఉందని ఆయన అనుకోవడం లేదు. ఆసుపత్రిలో ఆమె చెయ్యి చేతిలో పెట్టుకుని కూర్చున్నది తనే. అయినా ఆ మాట ఏ యంత్రమూ, ఎవరితోనూ అనకూడదు. ఆయనకి ఆ ఏడాదంతటికీ మిగిలిన కోరిక అదొక్కటే.

అందరిలా ఇంకో కంపెనీకి మారొచ్చు. ఆ కంపెనీ మాత్రం చిరంజీవా? అందుకని సొంతంగానే మెయిల్ సర్వరు పెట్టుకోవాలనుకున్నాడు. ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటరొకటి తెచ్చుకుని లినక్స్ ఎక్కించాడు. ఇంటర్నెట్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, మారని అంకెల చిరునామా ఒకటి సంపాదించాడు. ఆ అంకెల్ని బట్టి ఎవరైనా వెతికితే తన డొమైన్ పేరే తగలాలి. లేకపోతే పెద్ద కంపెనీల సర్వర్లు గుమ్మంలోకే రానివ్వవు. ఆ ముడి పెట్టించడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. చివరికి ఇంటర్నెట్ ఆఫీసులో ఒకావిడ, తన షిఫ్టు అయిపోయినా బ్యాగు భుజానికి తగిలించుకుని మరీ కూర్చుని, "ఇప్పుడు చూడండి... ఇప్పుడు?" అంటూ అయ్యేదాకా ఫోను పెట్టలేదు. ఆవిడని మాస్టారు ఇప్పటికీ తలుచుకుంటాడు.

మిగతా పనంతా పైపుల పనిలాగే అనిపించింది. మెయిళ్ళు మోసుకొచ్చే ప్రోగ్రామొకటి, వాటిని ఎవరి పెట్టెలో వాళ్ళకి దాచిపెట్టే ప్రోగ్రామొకటి. కావలసిన దారులు మాత్రం తెరిచి, మిగతా వాల్వులన్నీ బిగించాడు. మధ్యలో ఎవరూ చదవకుండా సర్టిఫికెట్టు పెట్టాడు. వెళ్ళే ప్రతి మెయిలు మీదా సర్వరు సంతకం పడే ఏర్పాటు చేశాడు. బయటివాళ్ళ మెయిళ్ళు తన సర్వరు మీదుగా దాటిపోకుండా అడ్డుకట్ట వేశాడు. తప్పుడు పాస్‌వర్డు పదే పదే కొట్టినవాణ్ణి బయటికి నెట్టేసే కాపలా కూడా పెట్టాడు. దుఃఖానికి పని మంచి మందని అందరూ అన్నారు. మందో కాదో తెలియదు గాని, పనైతే ఉంది.

తనకి పొడవాటి పాస్‌వర్డు పెట్టుకున్నాడు. మరదలికీ అలాంటిదే ఇచ్చాడు. "ఇది పాస్‌వర్డా, గూడ్సు రైలా?" అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. భార్య ఎకౌంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్ళు ఆమె పేరే కొట్టాయి. పైగడిలో పేరు, కిందిగడిలోనూ పేరే. మార్చాలనిపించలేదు. ఆమె పోయాక ఆ పేరు పెట్టి పిలిచే పని ఆయనకి పడలేదు. ఆఫీసులో ఎవరైనా అడిగినా 'మేడమ్‌గారు' అనేవారు. అందుకని రోజూ పొద్దున టీ తాగాక ఆ పెట్టె తెరిచేవాడు. పేరు రెండుసార్లు కొట్టేవాడు. కొత్తగా ఎన్నొచ్చాయో చూసేవాడు. ఏదీ తెరిచేవాడు కాదు. మూసేసి ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు.

ఆ పొద్దున స్టోరు గదిలో కంప్యూటరు మీద చిన్న దీపం ఆగకుండా కొట్టుకుంటోంది. వెళ్ళాల్సిన మెయిళ్ళు చూపించమంటే తెర నిండి, మళ్ళీ నిండి, పైకి పరుగెత్తుతూనే ఉంది. అన్నిటి మీదా పంపినవారి చోట ఆమె పేరే. మాస్టారు మెయిళ్ళు పంపే ప్రోగ్రాముని ఆపేశాడు. దీపం నెమ్మదించింది. రాకపోకల చిట్టా వెనక్కి తిప్పి చూస్తే దొరికింది: ఎక్కడో దూరాన ఏదో యంత్రం ఆమె ఎకౌంటు తలుపు తట్టి, పాస్‌వర్డుగా ఆమె పేరే చెప్పి చూసింది. ఒక్కసారే. రెండోసారి అవసరం పడలేదు. ఆయన పెట్టిన కాపలా తప్పు కొట్టేవాళ్ళ కోసం కాచుక్కూర్చుంది. వచ్చినవాడు తప్పు కొట్టలేదు మరి.

కోపం రావాలి. రాలేదు. పాస్‌వర్డు మార్చాడు, వరుసలో ఉన్న దొంగ మెయిళ్ళన్నీ తుడిచేశాడు, ప్రోగ్రాముని మళ్ళీ నడిపించి, బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాడు.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన్ని అందరూ పాస్‌వర్డు బాబాయ్ అంటారు. మానిటర్ల మీద పాస్‌వర్డులు అంటించుకున్నవాళ్ళని పట్టుకుని హాలంతా వినపడేలా తిట్టడం ఆయనకి సరదా. మాస్టారు చెప్పిందంతా విని, తన కంప్యూటరు లోంచి ఆ సర్వరుని అటూ ఇటూ తట్టి చూశాడు.

"అన్నీ బాగానే బిగించారు మాస్టారూ. సంతకం ఉంది, సర్టిఫికెట్టు ఉంది. పెళ్ళికొడుకులా తయారుచేశారు. మరి దొంగెలా దూరాడు?"

"పాస్‌వర్డు."

"ఏం పెట్టారేంటి?"

మాస్టారు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"నా దగ్గర సిగ్గేంటండీ! ఈ ఆఫీసులో అందరి పిల్లల పుట్టినరోజులూ నాకు కంఠతా వచ్చు. ఎలా వచ్చాయనుకున్నారు?"

"పేరే పెట్టాను."

"ఎవరి పేరు?"

"ఎకౌంటు ఎవరిదో, వాళ్ళ పేరే."

బాబాయ్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ఆ ఎకౌంటు ఎవరిదో అప్పుడు తట్టింది. తెరిచిన నోరు మూసేశాడు. ఆ నోరు మూతపడటం ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. తన కోసం తెప్పించుకున్న టీ గ్లాసు మాస్టారి వైపు జరిపాడు.

"మీ సర్వరు బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కేసింది. మీ చిరునామాల నుంచి ఏం పంపినా ఇప్పుడు ఎవరూ తీసుకోరు," అన్నాడు గొంతు తగ్గించి. "తీసెయ్యమని అడగొచ్చు. ఏం సరిచేశావని అడుగుతారు. ఆ ఎకౌంటు తొలగించామంటే సరిపోతుంది. వాడని ఎకౌంటు ఉంచకూడదండీ. వాడని పైపుని మీరేం చేస్తారు?"

"రెండు కొసలకీ మూతలు బిగిస్తాం."

"ఇదీ అంతే."

"తీసేస్తే, ఎవరైనా రాసినప్పుడు..."

"అలాంటివారు లేరని వెనక్కి పోతుంది. అదే కదా నిజ..." అని ఆగిపోయి, బాబాయ్ నాలిక కరుచుకున్నాడు. "టీ తాగండి, చల్లారిపోతుంది."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరదలు గుమ్మంలో మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ సంచి.

"మెల్లిగా బావా, తగలకు. ఇందులో ముగ్గురి నోళ్ళున్నాయి."

"లోపలికొచ్చి కూర్చోవచ్చుగా. తాళంచెవి ఉందిగా నీ దగ్గర."

"నీ మీద కోపంగా ఉంది, అందుకని బయటే కూర్చున్నాను. పొద్దుట్నుంచి నా మెయిళ్ళన్నీ గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొస్తున్నాయి. పాపం ఎవరో పెద్దాయన, పళ్ళ రంగు ఖాయం కాక బోసినోటితో కూర్చున్నాడు. ఆయన ఉసురు నీ సర్వరుకే తగులుతుంది."

మాస్టారు తలుపు తీసి, ఆమెకి జరిగిందంతా చెప్పాడు. పాస్‌వర్డు సంగతి కూడా దాచలేదు. మరదలు సంచి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అక్క ఉంటే ఈపాటికి నీ వీపు విమానం మోత మోగేది."

"ఊఁ."

"ఊఁ కాదు. ఇప్పుడేం చేద్దామని?"

"ఎకౌంటు తీసెయ్యమంటున్నాడు బాబాయ్. తీసెయ్యను. పాస్‌వర్డే లేకుండా చేసేస్తాను. మెయిళ్ళొస్తాయి. లోపలికి ఎవరూ వెళ్ళలేరు. నేను కూడా."

"వచ్చినవి ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవరు."

"ఇన్నాళ్ళూ ఎవరు చదివారు? రోజూ తెరుస్తున్నానన్నావుగా?"

"తెరుస్తాను. ఎన్నొచ్చాయో చూస్తాను."

"చూసి?"

"మూసేస్తాను."

మరదలు బల్ల దగ్గర్నుంచి కదిలింది. స్టోరు గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుంది. "పక్కకి జరుగు బావా," అంది. ఆయన పెట్టె తెరిచి జరిగాడు.

చాలావరకు చెత్తే. కళ్ళజోళ్ళ దుకాణం నుంచి తగ్గింపు ధరలు, చెప్పుల దుకాణం నుంచి శుభాకాంక్షలు. మరదలు వాటిని ఒకటొకటే తీసేస్తూ పోయింది. మధ్యలో మనుషులు తగిలారు. థీసిస్ దిద్దిపెడతారా అని ఒక విద్యార్థిని అడిగింది. కొత్త చిరునామా రాసి పంపిందొక పాత స్నేహితురాలు. తర్వాత తేనెటీగలాయన. తేనెటీగల పెంపకం మీద ఆయన రాసిన పుస్తకానికి ఆమే ప్రూఫులు దిద్దుతుండేది. మాస్టారికి ఆ పుస్తకం తెలుసు. భోజనాల దగ్గర రాణి ఈగ కబుర్లు విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

మరదలు పైకే చదివింది. మొదటి మెయిల్లో, ఆఖరి అధ్యాయం పంపిస్తున్నాను, తొందరేం లేదు అని ఉంది. రెండోదాంట్లో, ఒంట్లో బాగానే ఉందా అని. మూడోది కాస్త పెద్దది. "పోయినసారి మీరు దిద్దిన కామాల్ని నేను మళ్ళీ మార్చేశాను. మీకు కోపం వచ్చి ఉంటుంది. రావడం న్యాయమే. నా ఈగలకి తెలిసినంత క్రమశిక్షణ నాకు లేదు. కామాలన్నీ మీరు పెట్టిన చోటికే చేర్చాను. దయచేసి ఒక్క మాట రాయండి." నాలుగోదాంట్లో ఒక్కటే వాక్యం. "మీరు చూడకుండా అచ్చుకి ఇవ్వలేను, పుస్తకం ఆపేశాను."

మరదలు చదవడం ఆపింది. 

చాలాసేపు మడతపెట్టుకు కూర్చున్న కాలిని కదిపితే, లోపల ఎక్కడో చీమలు పాకినట్టవుతుంది. మాస్టారికి ఛాతీలో అలా అనిపించింది. నొప్పి అనడానికి లేదు. అక్కడ తనకింకా ఏదో ఉందని మాత్రం తెలిసింది.

"లేదని ఎవరూ అనకూడదనుకున్నాను," అన్నాడు.

"ఎవరూ ఏమీ అనకపోతే కోపమొచ్చిందనుకుంటున్నాడు బావా. పాపం ఏడాదిగా తన తప్పేంటో వెతుక్కుంటున్నాడు." ముక్కు తుడుచుకుంది. "కామాలు మారిస్తే అక్కకి కోపం వచ్చే మాట నిజమే, అది వేరే సంగతి."

"ఆయన ఫోన్ నంబరుందా?"

"సంతకం కింద ఉంది."

మాస్టారే ఫోను చేశాడు. ఆమె పేరు చెప్పి, తను ఆమె భర్తనన్నాడు. తర్వాత సంగతి చెప్పాడు. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించమన్నాడు.  లైను పోయిందేమోనని మాస్టారు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు.

"కామాలు ఆవిడ పెట్టిన చోటే ఉంచుతానండీ," అన్నాడు తేనెటీగలాయన ఎట్టకేలకి. "ఆఖరి అధ్యాయం ఒక్కటే... సరే. దాన్నలాగే ఇచ్చేస్తాను. తప్పులుంటే ఉండనీండి."

ఫోను పెట్టేశాక విద్యార్థినికీ స్నేహితురాలికీ ఏం రాయాలో మరదలు కాగితం మీద రాసుకుంది. తన మెయిలు కదలదు కాబట్టి రేపు ల్యాబు పక్కనున్న పుస్తకాల కొట్టువాళ్ళ మెయిలు నుంచి పంపిస్తానంది.

"ఇకముందు రాసేవాళ్ళ సంగతేంటి?" అంది. "నేనొకటి అడుగుతాను, తిట్టకు. అలాంటివారు లేరనే ఆ మాట మెషీనుకి ఎవరు నేర్పారు?"

"ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు."

"వాళ్ళకి అక్క తెలుసా?"

"ఎలా తెలుస్తుంది?"

"మరి నీకు తెలుసుగా. నువ్వు రాయి."

మాస్టారు ఆమె వైపు చూశాడు. సెట్టింగుల వివరాల్లో వెతికాడు. ఉంది. ఒక చిన్న ఫైలు. ఎడమవైపు చిరునామా, కుడివైపు ఆ చిరునామాకి మెయిలు తెచ్చినవాళ్ళతో యంత్రం ఏమనాలో ఆ మాట. ముందొక తిరస్కారపు అంకె పెట్టాలి. ఆ తర్వాత ఏం రాసుకున్నా దానికి పట్టింపు లేదు. కాకపోతే ఒక్క వరుసలో సరిపెట్టాలి, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఇంత సర్వరు కట్టాడు, ఈ ఫైలు సంగతి ఆయన చదివే ఉంటాడు. తనకి పనికొస్తుందని అప్పుడు అనిపించి ఉండదు.

"'చింతిస్తున్నాము' అని మొదలెడదామా?" అంది మరదలు.

"కరెంటాఫీసు వాళ్ళలా ఉంటుంది."

"పోనీ, 'స్వర్గస్థులయ్యారు'?"

"ఆ మాట తనకి నచ్చదు. దిద్దేటప్పుడు ఎప్పుడూ 'చనిపోయారు' అని మార్చేది."

"'కోపమొచ్చి కాదు, మనిషి లేక జవాబివ్వడం లేదు' అని పెడితే?"

"పొడుగైంది. కొట్టేసేది."

ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. మరదలు లేచి కూరగాయల సూపు వేడిచేసి తెచ్చింది. సూపు తాగుతూనే, రాసి, చెరిపి, మళ్ళీ రాశారు. చివరికి మాస్టారు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు: ఆమె ఇక్కడే ఉండేవారు. ఇప్పుడు లేరు. పనుంటే చెల్లెలికి రాయండి. ఆ పక్కన మరదలి చిరునామా.

"ఉండేవారు," అంది మరదలు నెమ్మదిగా, ఆ మాటని నోట్లో వేసుకుని చూసినట్టు. "బాగుంది. ఇందులో అక్క దిద్దడానికేం లేదు."

మాస్టారు ఎకౌంటు తీసేశాడు. పాత మెయిళ్ళని విడిగా దాచాడు. ఫైలు భద్రపరిచి, ప్రోగ్రాముని మళ్ళీ నడిపించి, బాబాయ్‌కి ఫోను చేసి ఆమె చిరునామాకి ఒక మెయిలు పంపమన్నాడు.

"ఏమని పంపను?"

"ఏదైనా."

కాసేపటికి బాబాయ్ గొంతు వినిపించింది. హాలంతా మోగే గొంతు కాదు.

"తిరిగొచ్చింది మాస్టారూ."

"ఏమంటోంది?"

బాబాయ్ చదివాడు. తడబడకుండా, ఒక్కో మాటా విడివిడిగా. 

"అలాగే ఉంచండి. బ్లాక్‌లిస్టుల వాళ్ళకి నేను రాస్తాను, మీరు పెట్టుకోకండి. ఎకౌంటు తీసేశామని రాస్తాను, అబద్ధం కూడా కాదు. చెల్లెలుగారి మెయిళ్ళు ఒకట్రెండు రోజుల్లో కదులుతాయి."

"థాంక్సండీ."

"థాంక్సెందుకు? మీ పాస్‌వర్డు మాత్రం రేపు నా ఎదురుగా మారుస్తారు. రైలంత పొడుగుండాలి."

ల్యాబు పొద్దున్నే తెరవాలి, మాస్టారి ఇంటి నుంచైతే దగ్గర, గనక మరదలు ఆ రాత్రికి ఇక్కడే పడుకుంటానంది. ముందుగదిలో దుప్పటి పరుచుకుంది. నోళ్ళ సంచిని ఎవరికీ తగలకుండా బీరువా మీద పెట్టింది. మాస్టారు తన గదిలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. కాని, గుడ్డులో ఉప్పు లేకపోయిందని ఇప్పుడనిపించింది. రేపు వేసుకోవాలి అనుకున్నాడు.

వంటింట్లో మరదలు గిన్నెలు సర్దిన చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు స్టోరు గది దాకా వెళ్ళి కాసేపు అక్కడే ఆగింది. లోపల కంప్యూటరు ఫ్యాను సన్నగా తిరుగుతోంది. తర్వాత లైటు ఆరింది. ఆమె గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, తలుపు మెల్లిగా దగ్గరికి వేసింది.